కంప్యూటరు దొంగనిద్ర

ఆపేశామని ఎవరైనా చెబితే నేను నమ్మను. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి లైన్లో కరెంటు తీయించుకోవడం ఒక ఎత్తు, తీశామని వాళ్ళు చెప్పాక కూడా తీగకు ఎర్త్ రాడ్డు తగిలించి నిజంగా పోయిందో లేదో చూసుకోవడం ఒక ఎత్తు. రెండో పనికి బద్ధకించిన వాళ్ళ ఇళ్ళకు పరామర్శకు వెళ్ళి వచ్చాను. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు అయిపోలేదు. ఒక పూట ఊరెళ్తున్నా మెయిన్ దింపేస్తాను. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతాయని మా ఆవిడ గోల పెడుతుంది. విరిగితే మళ్ళీ పోయించుకుందాం అంటాను.

అలాంటివాడి ఇంట్లోకి, ఆపినట్టు కనబడుతూ ఆగకుండా ఉండే వస్తువొకటి వచ్చి కూర్చుంది. మా అబ్బాయి విశాఖపట్నంలో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాతది అమ్మకు కాలక్షేపంగా ఉంటుందని బందరు తెచ్చి ఇచ్చాడు. మూత మీద చిలక బొమ్మ స్టిక్కరు ఒకటి అంటించి ఉంది. మా ఆవిడ దాన్ని నడిమి గదిలో కుట్టుమిషను బల్ల మీద పెట్టుకుంది. గుమ్మానికి వీపు చేసి కూర్చుంటుంది. పని కాగానే మూత వేసేస్తుంది. మూత వేస్తే ఆగిపోయినట్టే అనుకున్నాను. ఒకరోజు దగ్గరికెళ్ళి చూస్తే పక్కన ఆవగింజంత దీపం, వెలుగుతూ ఆరుతూ, వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఏమే, దీన్ని ఆపలేదా?" అన్నాను.

"స్లీపులో పెట్టానండి."

"అంటే ఆగినట్టా, ఆగనట్టా?"

"నిద్రపోతోంది. మూత తీస్తే లేస్తుంది. మీరు దాని జోలికి వెళ్ళకండి."

మొదటి మూడు ముక్కలూ వదిలేశాను. చివరి ముక్క దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఏ వస్తువు గురించీ నాతో అలా చెప్పలేదు. పైగా కరెంటుతో నడిచే వస్తువు. ఇంట్లో మిక్సీ పాడైనా, ఫ్యాను చప్పుడు చేసినా నన్నే పిలిచే మనిషి, దీన్ని మాత్రం ముట్టుకోవద్దంటోంది.

నిద్రపోయేదానికి దీపమెందుకు? లోపల ఏదో నడుస్తుంటేనే దీపం వెలుగుతుంది. ఇది నిద్ర కాదు, దొంగనిద్ర. దొంగనిద్ర సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అందులో నేనూ, మా తోడల్లుడూ ఆరితేరినవాళ్ళం.

మా అత్తవారిది బంటుమిల్లి దగ్గర పల్లెటూరు. ఇద్దరే ఆడపిల్లలు. పెద్దామెను నాకిచ్చారు, చిన్నామెను దివిసీమలో నాగాయలంక ఇచ్చారు. మా మామగారికి కాలవ నీళ్ళ మీద కోర్టులో ఒక దావా ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మెలకువగా ఉన్న అల్లుడు కంటబడితే చాలు, మొదటి వాయిదా నుంచీ మొదలుపెట్టేవారు. అందుకని మేమిద్దరం వసారాలో రెండు నులక మంచాలు వేసుకుని, కళ్ళు మూసుకుని పడుకునేవాళ్ళం. గుమ్మం వైపు మంచం అతనిది. ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకునేవాడు. మామగారి కిర్రుచెప్పులు వినబడగానే చూపుడువేలు ఒక్కటి పైకి లేపేవాడు. నేను ఒక కన్ను సందు చేసి ఆ వేలినే చూస్తూ ఉండేవాణ్ణి. వేలు లేస్తే ఊపిరి బరువుగా తీయాలి, దిగితే గండం గడిచినట్టు. మామగారు మంచాల దగ్గర కాసేపు నిలబడి, "అలసిపోయినట్టున్నారు పాపం" అనుకుంటూ వెనక్కి వెళ్ళిపోయేవారు. అప్పుడు అతను నవ్వాపుకోలేక కదిలితే మంచం నులక కిర్రుమనేది.

నిజంగా నిద్రపోయేవాడి కాలి బొటనవేలు వదులుగా ఉంటుందనీ, నటించేవాడిది బిగుసుకుని ఉంటుందనీ మేమిద్దరం అప్పుడే కనిపెట్టాం. మామగారికి ఆ రహస్యం చివరిదాకా తెలియలేదు. తోడల్లుళ్ళు వరసకు అన్నదమ్ములే గాని నిజంగా అలా ఉండేవాళ్ళు తక్కువ. మేం ఉన్నాం. నన్ను "అన్నయ్యగారూ" అని పిలిచేవాడు, ఆ గారులో కూడా ఒక వెటకారం ఉండేది.

ఆ స్నేహం కాస్తా పోయింది. వాళ్ళబ్బాయి పెళ్ళి దగ్గర పోయింది. మా మరదలు అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి బొట్టు పెట్టి పిలుచుకుంది గాని బందరు రాలేదు. శుభలేఖ నా ఫోనుకు ఫొటోగా వచ్చింది. వెనకే ఫోన్ చేసి, "బావగారూ, పనుల్లో తీరిక దొరకడం లేదు, అక్కను తీసుకుని ముందుగా వచ్చెయ్యండి" అంది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. మా ఆవిడకు కనబడింది. తోడబుట్టినదాన్ని, పెద్దదాన్ని, తొలి బొట్టు నాకు పెట్టాల్సింది పోయి ఫొటో పంపిస్తుందా అని అగ్గిమీద గుగ్గిలం అయింది. నేను అప్పుడు అన్నం తింటున్నాను. గబగబా వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

"అది నా ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే తప్ప దాని గడప తొక్కను. దాని ఫోనెత్తను, నేను చెయ్యను. మీ మీద ఒట్టు."

తల నాది. దాని మీద ఒట్టు పెట్టే ముందు నన్నొక మాట అడగాలని ఆమెకు తోచలేదు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పెళ్ళికి వెళ్ళలేదు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టవే అని ఎన్నిసార్లు చెప్పానో. "ఏదైనా అయితే అయ్యేది మీకు" అనేది. కోపం తగ్గాక కూడా ఆ భయం తగ్గలేదు. మా మరదలు కూడా ఆ తండ్రి కూతురే, అంత తేలిగ్గా దిగివచ్చే రకం కాదు. పెళ్ళికి రానివాణ్ణి ఏ మొహంతో పలకరించను అని నేనూ, అన్నయ్యే పలకరించకపోతే నాకేంటని అతనూ ఉండిపోయాం. అక్కాచెల్లెళ్ళు పంతాలు పట్టారు, నలిగింది మేమిద్దరం. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినప్పుడల్లా నాకు అతనే గుర్తొచ్చేవాడు.

ఇక కంప్యూటరు సంగతికొస్తాను. ఎండలు ముదరక ముందు నుంచే నేను ఒకటి గమనిస్తున్నాను. భోజనం చేసి నేను మంచమెక్కగానే మా ఆవిడ నడిమి గదిలోకి వెళ్తోంది. తలుపు ఓరగా వేసుకుంటోంది. సన్నగా మాటలు వినబడుతున్నాయి. ఏమిటే అంటే లలితా పారాయణం అంది. ఆడవాళ్ళందరూ కంప్యూటర్లో కలిసి చదువుకుంటున్నారట. సరే అనుకున్నాను. ఒకరోజు పారాయణం మధ్యలో పకపకా నవ్వింది. లలితా సహస్రనామాల్లో నవ్వు ఎక్కడ వస్తుందో నాకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

అప్పటి నుంచి నా మధ్యాహ్నం నిద్ర పోయింది. మళ్ళీ పాత విద్య బయటికి తీశాను. కళ్ళు మూసుకుని, బొటనవేలు వదులుగా పెట్టుకుని పడుకోవడం, మాటలు మొదలవగానే లేచి చప్పుడు లేకుండా నడిమి గది గుమ్మంలోకి వెళ్ళి తొంగిచూడటం. ఆమె వీపు కనబడేది. తల పక్క నుంచి తెర మీద మసకమసకగా ఒక మనిషి ఆకారం కనబడేది. ఆడో మగో తెలిసేది కాదు. నాకు కళ్ళజోడు లేకపోతే దూరంలో ఉన్నది అలికేసినట్టుంటుంది, కళ్ళజోడు పెట్టుకుంటే నిద్రలోంచి లేచి వచ్చానంటే ఎవరు నమ్ముతారు? ఒక్కోసారి చాలాసేపు నిలబడేవాణ్ణి. ఒక్కోసారి నేనింకా సర్దుకోకముందే ఆమె టప్పున మూత వేసేసేది. వెనక్కి తిరగకుండానే. ఈ మనిషికి వీపున కళ్ళున్నాయా అనుకునేవాణ్ణి. మూత పడగానే ఆవగింజ దీపం వెలగడం, ఆరడం మొదలు.

ఇంకొకటి. ఈ పారాయణం మొదలవక ముందే ఒకసారి, ఛార్జింగ్ ఎక్కడం లేదని చెప్పి దాన్ని సంచిలో పెట్టుకుని ఒక్కతే గుడివాడ బస్సెక్కింది. ఊళ్ళోని కోనేరు సెంటరుకు కూడా తోడు లేకుండా వెళ్ళని మనిషి. బందర్లో బాగుచేసేవాళ్ళే లేరా అంటే, గుడివాడలో ఒకతను బాగా చూస్తాడట అంది. ఎవరు చెప్పారంటే, ఎవరో చెప్పారు అంది. బందర్లో కంప్యూటరు షాపులవాళ్ళు సగం మందికి నేను తెలుసు. గుడివాడలో నన్నెవరూ ఎరగరు. ఆ లెక్క నాకు ఇప్పుడు తట్టింది.

కొద్దిరోజులకు గుడివాడలో ఒక పెళ్ళి భోజనం తగిలింది. తిరిగొచ్చేటప్పుడు వెతుక్కుంటూ ఆ షాపుకు వెళ్ళాను. ముప్పై దాటని మనిషి, మెడలో చిన్న తువ్వాలు వేసుకుని ఒక కంప్యూటరు పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. నేనెవరో చెప్పలేదు.

"ఒక సందేహం బాబూ. దీన్ని రోజూ పూర్తిగా ఆపెయ్యాలా, స్లీపులో ఉంచొచ్చా?" అన్నాను.

"ఏం పర్లేదండీ. మళ్ళీ వాడుకునేదైతే స్లీపులో ఉంచుకోవచ్చు. కరెంటు కూడా పెద్దగా లాగదు. వారానికోసారి ఆపి మళ్ళీ వేసుకుంటే దానికీ మంచిది. ఉరుములు మెరుపులొస్తే మాత్రం ప్లగ్గు పీకెయ్యండి. ఏ మోడలండీ మీది?"

"మోడలు తెలియదు. మూత మీద చిలక బొమ్మ ఉంటుంది."

అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "బందరు అమ్మగారిదా అండీ? అది మాత్రం షట్‌డౌన్ చెయ్యకండి సార్."

"ఊరందరికీ వారానికోసారి ఆపమని చెప్తున్నావు. మాకు మాత్రం అసలు ఆపొద్దా?"

"అంటే... అమ్మగారు అలా పెట్టించుకున్నారండీ. ఆపితే మళ్ళీ మొదట్నుంచీ కలపాలి, ఆవిడకు కష్టమవుతుందని..." అంటూ పక్కనున్న డబ్బా తీసుకుని దాని మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఆ డబ్బా ఖాళీది.

దొంగ దొరికాడని సంబరపడాల్సింది గాని నాకు అలా అనిపించలేదు. బస్సు గుడ్లవల్లేరు దాటేదాకా అదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ నా దగ్గర దాచాల్సింది ఏముంటుంది? ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒక్క చోటికే వచ్చి ఆగాను. వాళ్ళమ్మ కూడా అంతే. నొప్పి అని ఒక్కరోజు బయటికి చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి డాక్టరు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

మర్నాడు గుమ్మం పక్క గోడకు ఆనుకుని, తొంగిచూడటం మానేసి వినడానికి ప్రయత్నించాను. పైన ఫ్యాను తిరుగుతోంది, అన్నీ వినబడలేదు. "మాత్రలు మానకూడదు" అన్నది వినబడింది. "డాక్టరు ఎన్నాళ్ళు పడుతుందన్నాడు?" అన్నది వినబడింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఆయనకు తెలియనివ్వలేదు, తెలిస్తే తట్టుకోలేరు" అంది. ఆ ఆయన ఎవరో వేరే చెప్పాలా? నేను మంచం దగ్గరికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. అంతవరకు నాలో ఉన్నది కోపమే అనుకున్నాను. అది భయమని ఆ పూట తెలిసింది.

ఆమె గుడికెళ్ళినప్పుడు అలమరలు వెతికాను. మాత్రలు లేవు. పప్పు డబ్బాల వెనక, దిండు గలేబుల్లో, కుట్టుమిషను సొరుగులో చూశాను. ఎక్కడా లేవు. అంత జాగ్రత్తగా దాచిందంటే చిన్న జబ్బు కాదన్నమాట. అన్నం ఎంత తింటోందో చూడటం మొదలుపెట్టాను. మెట్లెక్కితే ఆయాసపడుతోందా అని చూసేవాణ్ణి. అడిగేశాను కూడా.

"ఒంట్లో ఏమైనా బాగోలేదా?"

"నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను."

లైను తీసేశామని సబ్‌స్టేషనువాడు కూడా ఇంత ధీమాగానే చెప్తాడు. కంప్యూటరు మూత తీసి చూశాను. అది పాస్‌వర్డ్ అడిగింది. నా పేరు కొట్టాను, కాదంది. ఆమె పేరు కొట్టాను, మా అబ్బాయి పేరు కొట్టాను, కాదంది. అంత భయంలోనూ, నా పేరు కాకపోయినందుకు కాసేపు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఒకరోజు ఆమె పక్కింటావిణ్ణి తోడు తీసుకుని ఆవకాయకు కాయలు కొట్టించుకు రావడానికి బజారుకెళ్ళింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉరుములొచ్చేట్టున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ప్లగ్గు పీకి, మీట మీద వేలు పెట్టి ఆవగింజ దీపం ఆరిపోయేదాకా అలాగే నొక్కి పట్టుకున్నాను. ఆరిపోయాక కూడా నమ్మలేదు. అడుగున అరచెయ్యి ఆనించి వేడి చల్లారేదాకా కూర్చున్నాను. ఆ డాక్టరెవరో, ఆ మాటలేవో, ఇక ఏదున్నా ఆమె నాతోనే చెప్పుకోవాలి. నా ఆలోచన అంతవరకే.

మధ్యాహ్నం నడిమి గదిలోకి వెళ్ళింది. మాటలు వినబడలేదు. చాలాసేపటికి బయటికి వచ్చింది, మొహం పీక్కుపోయి ఉంది.

"దాన్నేమైనా ముట్టుకున్నారా?"

"ఉరుములొచ్చాయి, ఆపాను."

"ఎప్పుడు?"

"నువ్వు బజారుకెళ్ళినప్పుడు."

కిటికీలోంచి ఆకాశం చూసింది. నా మొహం చూసింది. పోట్లాడుతుందని సిద్ధంగా ఉన్నాను. పోట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి మామిడి ముక్కలు తుడుస్తూ కూర్చుంది. మర్నాడు గుడివాడ తీసుకెళ్ళమంది. అందులో ఏముందో చెప్పు, ఇప్పుడే తీసుకెళ్తానన్నాను. మామిడి ముక్కల పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజులు ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే గేటు దగ్గరికెళ్ళి చేపలమ్మే ఆవిడ రాలేదా అని అడిగేది. సముద్రం మీద వేట ఆపేసిన రోజులు, ఎక్కడినుంచి వస్తుందే అనేవాణ్ణి. అయినా మర్నాడు మళ్ళీ అడిగేది. చేపల మీద అంత మోజు ఎన్నడూ లేదు. ఒకరోజు తన చిన్న ఫోను మోగింది. నంబరు చూసింది. ఎత్తకుండా బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరే?"

"ఎవరో."

"ఎత్తొచ్చుగా."

"ఎత్తకూడదు" అంది.

నా ఫోను కూడా ఆ రోజుల్లో తెగ మోగింది. కొత్త నంబరు. కొత్త నంబర్ల వెనక మోసగాళ్ళుంటారని నేను ఎత్తను. ఆస్పత్రివాళ్ళేమో అని ఒక్కసారి అనుమానం వచ్చింది, ఎత్తితే ఏం వినాల్సి వస్తుందోనని అప్పుడూ ఎత్తలేదు.

అలా ఉండగా ఒకరోజు ఎండెక్కుతున్న వేళ మా గేటు ముందు ఆటో ఆగింది. చేతిలో గుడ్డ సంచితో ఒకామె దిగింది. జుట్టు నెరిసింది, మనిషి సగమైంది. గుర్తుపట్టడానికి నాకు కాస్త టైం పట్టింది. మా మరదలు. వరండాలో కూర్చున్న నన్ను చూసి గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా తల నుంచి కాళ్ళదాకా, మళ్ళీ కాళ్ళ నుంచి తలదాకా చూసింది.

"మీరు బాగానే ఉన్నారా బావగారూ?"

"నాకేమైంది?"

"నిజం చెప్పండి. ఒంట్లో ఏమీ లేదుగా?"

"ఏమీ లేదమ్మా."

అప్పుడు మెట్టు మీద కూలబడి, వీధి వినేట్టు ఏడ్చింది. లోపలి నుంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. గడప దగ్గర ఆగిపోయింది. చెల్లెలు ఏడుస్తుంటే గడప లోపలే తలుపు పట్టుకుని నిలబడింది గాని బయటికి రాలేదు. మరదలు కొంగుతో మొహం తుడుచుకుని, సంచిలోంచి కుంకుమ భరిణె తీసి లేచి వెళ్ళింది. అక్క నుదుట బొట్టు పెట్టింది. కాస్త వంకరగా పడింది.

"ఏం శుభకార్యమే?" అంది మా ఆవిడ, ఏడుపు గొంతుతో.

"ఏమీ లేదక్కా. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. ఊరికే మా ఇంటికి రా అని పిలవడానికొచ్చాను."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లోపలికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. నా అనుమానం ఇంకా తీరలేదు. "ముందు ఒక్కటి చెప్పండి. దీనికి ఏం జబ్బు?" అన్నాను. అక్కాచెల్లెళ్ళు తెల్లబోయి చూశారు.

జబ్బు మా ఆవిడకు కాదు. మా తోడల్లుడికి. చలికాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆ కబురు మోసుకొచ్చింది చేపలమ్మే ఆవిడ, ఆమెది నాగాయలంకే. వెళ్దామంటే గడప తొక్కనన్న ఒట్టు. పలకరిద్దామంటే ఫోనెత్తనన్న ఒట్టు. కొన్నాళ్ళు కుమిలి కుమిలి, మా ఆవిడ దానికొక సందు కనిపెట్టి, ఆ చేపలావిడ చేతే కబురంపింది.

"ఫోనెత్తననే కదండీ అన్నాను. కంప్యూటరు తెరవననలేదుగా" అంది తల దించుకుని.

వాళ్ళబ్బాయి గుడ్లవల్లేరు కాలేజీలో పాఠాలు చెప్తాడు. గుడివాడ షాపతను ఒకప్పుడు అతని దగ్గర చదువుకున్నవాడే. అక్కడ టీవీకి కెమెరా తగిలించారు, ఇక్కడ మూత తీసి పాస్‌వర్డ్ కొట్టగానే కలిసేట్టు పెట్టారు. ఆపేస్తే మళ్ళీ కలపడం మా ఆవిడ వల్ల కాదు, అందుకే ఆపొద్దన్నారు. మధ్యాహ్నం పూట చెల్లెలు కాస్త నడుం వాలిస్తే, మా ఆవిడ తెర ముందు కూర్చుని ఆయనకు పేపరు చదివి వినిపించేది. నేను విన్న పారాయణం అది. పాస్‌వర్డ్ చెల్లెలి పేరట.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. కోపంగానే అన్నాను.

"ఒట్టు మీ మీద కదండీ. దొడ్డిదారిన చేస్తున్న పని మీకు చెప్పి చేస్తే అది తప్పినట్టే అవుతుందేమోనని భయమేసింది. మీకు తెలిస్తే తట్టుకోలేరు కూడా. ఆ పూటే బస్సెక్కుతారు. నేనిక్కడ ఒక్కదాన్నే ఉండి ఏం చెయ్యను?"

ఉన్నట్టుండి తెర నల్లబడిపోయేసరికి అక్కడ వీళ్ళు బెంబేలెత్తిపోయారు. అక్క ఫోనెత్తదు, అబ్బాయి కొత్త నంబరు నుంచి చేస్తే బావ ఎత్తడు. "మోసం చేశాం కదా, ఆ ఒట్టు మీకు తగిలిందనుకున్నాను బావగారూ" అంది మరదలు. "అబ్బాయి వెళ్ళి చూసొస్తానన్నాడు. నువ్వు కాదు, నేనే వెళ్ళాలి అన్నాను. ఇంతకుముందు ఎన్నిసార్లు బయల్దేరానో, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని ఆగిపోయేదాన్ని. ఈసారి మొహం సంగతి గుర్తు రాలేదు. వాణ్ణి నాన్న దగ్గర కూర్చోబెట్టి వచ్చాను."

కాఫీ తాగుతూ ఆమె ఇంకో మాట చెప్పింది. తను దాన్ని మామూలుగానే చెప్పింది.

"రోజూ మీరు ఆ గుమ్మంలోకొచ్చి తొంగిచూసేవారు కదా బావగారూ. అక్క వెనక మీరు పెద్ద టీవీలో చక్కగా కనబడేవారు. అక్కకు తన బొమ్మ మూలన చిన్నగా కనబడుతుంది, అందులో మీరుంటే మూత వేసేసేది. ఆయన మాత్రం మీరు వస్తారా అని ఆ గుమ్మం వైపే చూస్తుండేవారు. మీరు కనబడగానే ఎడమ చేతి వేలు ఒకటి పైకి లేపేవారు. ఎందుకో మాకు తెలిసేది కాదు. మంచినీళ్ళిచ్చేవాళ్ళం, తాగేవారు కాదు. ఫ్యాను పెంచేవాళ్ళం, తల అడ్డంగా ఊపేవారు. ఏం కావాలో ఎవరికీ అర్థం కాలేదు."

నాకు అర్థమైంది. లేచి పెరట్లోకి వెళ్ళి, పంపు తిప్పి మొహం కడుక్కున్నాను. ఎంత కడుక్కున్నా మళ్ళీ తడుస్తూనే ఉంది. నేను దొంగచాటుగా నిలబడి నా భార్యను అనుమానంగా చూస్తున్న ప్రతి మధ్యాహ్నం, మా తోడల్లుడు నన్ను చూసి వేలు లేపాడు. నేను కళ్ళజోడు పెట్టుకోలేదు.

ఆ పూటే బయల్దేరాం. చల్లపల్లి దాటాక, పులిగడ్డ వారధి మీద ఉన్నప్పుడు మా ఆవిడ, "మెయిన్ దింపారా?" అంది. దింపలేదు. గుర్తే లేదు. ఉండనీలే అన్నాను.

నాగాయలంకలో వాళ్ళ వసారాలో మంచం వేసి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది, గడ్డం తెల్లబడింది. కళ్ళు మూసుకుని, ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. వాళ్ళబ్బాయి ఎదురొచ్చి, "ఇప్పుడే నిద్రపోయారు పెదనాన్నా" అన్నాడు. నేను కళ్ళజోడు సర్దుకుని అతని పాదాల వైపు చూశాను. ఎడమ కాలి బొటనవేలు బిగుసుకుని ఉంది.

ఇంకో మంచం తెచ్చి పక్కన వెయ్యమన్నాను. చెప్పులు విప్పి, వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి లోపలి నుంచి ఆడవాళ్ళ అడుగుల చప్పుడు వినబడింది. ఒక కన్ను సందు చేసి చూశాను. ఛాతీ మీద వేలు మెల్లగా పైకి లేచింది. నేను బరువుగా ఊపిరి తీయడం మొదలుపెట్టాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇద్దరూ అలసిపోయినట్టున్నారే" అంది చెల్లెలితో. పక్క మంచం కిర్రుమంది.